తలుపు బయట ఎవరు

…ఆ ఖాళీ కుర్చీలో ఎవరో గొడుగు పెట్టేశారు, మొన్న ఉద్యోగం పోయేదాకా తనతో కోడ్ రాసినవాడి కుర్చీ, రేపు తన కుర్చీలో ఏం పెడతారో, టిఫిన్ డబ్బాలేమో, అనుకుంటూ ఆమె తెర మీది ఓకే బటన్ వైపు చూస్తోంది, నొక్కితే అయిపోతుంది, కొత్త కోడ్ లిఫ్టుల్లోకి వెళ్లిపోతుంది, లిఫ్టుల్ని నడిపే కోడ్ అంతా ఏఐ పొద్దున కాఫీ చల్లారేలోగా తిరగరాసేసింది, తను ఏళ్లతరబడి కిందామీదా పడి రాసినదాన్ని, అదీ తనకన్నా శుభ్రంగా, కడుపు మండేది అందుకే, వెనక నుంచి తొందరాయన, పై అధికారికి తను పెట్టుకున్న పేరు, టెస్టులన్నీ పాసయ్యాయి కదమ్మా ఇంకా ఏం చూస్తున్నావు అంటున్నాడు.

ఏం చూస్తోందంటే, అక్కడ లేనిదాన్ని, తలుపు మూసుకునే ముందు తను పెట్టిన చిన్న విరామం, అనవసరపు ఆలస్యం, తీసేశాను అని ఏఐ వినయంగా చెప్పుకుంది, దాన్ని అని ఏం లాభం, విరామం ఎందుకు పెట్టిందో తను కోడ్ పక్కన ఒక్క ముక్క రాయలేదు, గుర్తుంటుందిలే అనుకుంది, కోడ్ రాసేవాళ్లందరికీ ఉన్న జబ్బే, ఎందుకు పెట్టిందంటే, అప్పట్లో ఆసుపత్రి లిఫ్టు ముందు అమ్మ, మోకాలి ఆపరేషన్ అయ్యాక, వాకర్ లోపల పెట్టి, బయటే నిలబడి, ఊపిరి తీసుకుని, అప్పుడు అడుగు, తలుపు సెన్సర్ మోకాలి ఎత్తున, వాకర్ సన్నటి కాళ్లు దానికి ఆనలేదు, తలుపు వచ్చి అమ్మ చేతులకి తగిలింది, ఉండవే తల్లీ వస్తున్నా అంది అమ్మ తలుపుతో, తను నవ్వింది, ఇంటికొచ్చాక ఏడ్చింది.

నొక్కనండీ అంది, పనికి అడ్డం పడేవాళ్లని పైవాళ్లు ఉంచుకోరమ్మా, నీ మంచికే చెప్తున్నా అన్నాడాయన, ఉంచుకోకపోతే పోనీ, భయం లేదా అంటే ఉంది, అయినా లేచింది, కారు డిక్కీలో అమ్మ వాకర్ ఇంకా అలాగే ఉంది, పట్టుకొచ్చింది, ఆయన్ని కిందికి తీసుకెళ్లి, టెస్టు లిఫ్టులో కొత్త కోడ్ ఎక్కించి, వాకర్ లోపల పెట్టి, మీరు బయటే నిలబడి పట్టుకోండి, కదలకండి అంది, తలుపు వచ్చి ఆయన మణికట్టుకి తగిలింది, ఆయన తొందరంతా ఎటు పోయిందో, ఇది టెస్టుల్లో లేదే అన్నాడు మెల్లగా, లేదండీ, టెస్టులు కూడా ఏఐయే రాసుకుంది.

పైకొచ్చి విరామం మళ్లీ పెట్టమంటే ఏఐ రెప్పపాటులో పెట్టేసింది, పెట్టనీ, రాయడంలో దాన్ని తను మించలేదు, మించక్కర్లేదు, పక్కన మాత్రం ఈసారి తనే రాసింది, అమ్మ ఇంకా బయటే ఉంది అని, ఈ కుర్చీ ఉంటుందో పోతుందో తొందరాయన ఇప్పటికీ చెప్పలేదు, ఇక్కడ కాకపోతే ఇంకోచోట, తన పని ఇదే, తలుపు మూసుకునే ముందు బయట ఎవరున్నారో చూడటం.