శుక్రవారం పగటి డ్యూటీ

మా ఫైర్ స్టేషన్‌లో కాగితం మీద తొమ్మిది మందిమి. పగటిపూట చూస్తే ఇద్దరమే. మిగతా ఏడుగురూ తెల్లవారగానే నలభై మైళ్ళ అవతల ఫ్యాక్టరీలకు పోతారు. ఇల్లినాయిలో మొక్కజొన్న చేల మధ్య ఆరు వందల మంది ఉండే ఊరు మాది. జీతమిచ్చి మనిషిని పెట్టుకునే స్తోమత ఊరికి లేదు. మా ఆయన మోజెస్ ఇక్కడి ఆసుపత్రిలో డాక్టరు. ఆయన వెంట వచ్చిన నా వీసాకి జీతం తీసుకునే హక్కు లేదు. ఊరికీ నాకూ ఈడూజోడూ బాగానే కుదిరింది. మీటింగుల్లో మినిట్స్ రాయడానికని చేరి, ట్రెయినింగ్ తీసుకుని, ఫైర్ ట్రక్కులో రెండో సీటు దాకా వచ్చాను.

మొదటి సీటు చీఫ్ వాల్ట్ గారిది. డెబ్బై రెండేళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయిన రైతు. పిలుపు వస్తే ఎవరి కోసమూ ఆగకుండా ఒక్కరే ట్రక్కు తీసుకుని పోయేవారు. ఒక్కరే వెళ్ళి ఏదైనా అయితే తమకు సంబంధం లేదని ఇన్సూరెన్స్ వాళ్ళు ఉత్తరం రాశారు. అది పట్టుకుని నేనే రూల్ రాశాను. ట్రెయినింగ్ ఉన్నవాళ్ళు ఇద్దరు లేనిదే ట్రక్కు కదలకూడదని. ఆయన సంతకం పెట్టనన్నారు.

"మీరు లోపల పడిపోతే బయటికి ఎవరు లాగుతారు? సంతకం పెట్టేదాకా నేను మీ ట్రక్కు ఎక్కను," అన్నాను. మా నాన్నతో పోట్లాడినట్టే పోట్లాడాను.

"నాకంటే మొండిదానివి నువ్వు," అని గొణుక్కుంటూ పెట్టారు. వారం రోజులు నా గొప్ప నేనే చెప్పుకుని తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

డ్యూటీ చార్టు వేసేదీ నేనే. పోయిన నెలది కాపీ చేసి తేదీలు మారుస్తాను. ఏప్రిల్‌దీ అలాగే వేశాను. శుక్రవారం పగలు వాల్ట్, పర్సిస్. పర్సిస్ అంటే నేనే. ఆ శుక్రవారాల్లో ఒకటి గుడ్ ఫ్రైడే అని చూసుకోలేదు. ఈ ఊళ్ళో ఆ రోజు సాయంత్రం ఒక గంట ప్రార్థన చేసి ఇళ్ళకు పోతారు. మాకు అలా కాదు. నేపర్‌విల్ తెలుగు క్రైస్తవ సంఘంలో పన్నెండు నుంచి మూడు దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడుగురు ప్రసంగికులు. కాకినాడలో పుట్టినదాన్ని, ఆ ఆరాధన మానడం నా వల్ల కాదు. తెల్ల చీర కట్టుకుని రెండున్నర గంటలు డ్రైవ్ చేసి వెళ్ళాను. పాస్టర్ సత్యానందం గారు చెప్పినట్టే ఫోన్ ఆఫ్ చేసి బ్యాగులో పడేశాను. చార్టు సంగతి ఒక్క క్షణం కూడా గుర్తు రాలేదు.

ఒంటిగంటా పదికి లోయిస్ గారి వంటింట్లో మంటలు లేచాయి. ఆవిడా వాల్ట్ గారూ చిన్నప్పుడు ఒకే బళ్ళో చదువుకున్నారు. తుంటి ఆపరేషన్ అయి, వాకర్ పట్టుకుని అడుగులో అడుగు వేస్తోంది పాపం. వాల్ట్ గారు ఇంజన్ స్టార్ట్ చేసి, రూల్ ప్రకారం నా కోసం చూస్తూ కూర్చున్నారు. చార్టులో నా పేరుంది కదా, నేనెప్పుడూ ఆలస్యం చెయ్యను కదా. నాలుగుసార్లు ఫోన్ చేశారు. పదకొండు నిమిషాలు చూసి, ఇంక ఆగలేక ఒక్కరే వెళ్ళారు. లోయిస్ గారు వెనక తలుపుకి నాలుగడుగుల దూరంలో దొరికారు. అప్పటికే ప్రాణం లేదు.

సోమవారం ఫైర్ స్టేషన్ బోర్డు మీటింగ్ పెట్టారు. ముందు రాత్రి మోజెస్‌తో అన్నీ చెప్పాను.

"చెప్పెయ్ పర్సిస్. లాయర్ సంగతి, వీసా సంగతి నేను చూసుకుంటా. నీ పక్కనే కూర్చుంటా," అన్నాడు. అంత మంచి మొగుడు ఉండి కూడా నేను చేసింది చూడండి.

లోయిస్ గారి కూతురు జేన్ ముందు వరసలో కూర్చుంది. ఆ పగలు డ్యూటీలో రెండో మనిషి ఎవరని బోర్డు వాళ్ళు అడిగారు. నేను లేవబోయాను. వాల్ట్ గారు అప్పటికే లేచి ఉన్నారు.

"పర్సిస్ ఊళ్ళో ఉండనని నాకు ముందే చెప్పింది. నేనే మర్చిపోయి ఇంకొకరిని వెయ్యలేదు. తప్పు నాది," అన్నారు.

మోజెస్ నా వైపు చూశాడు. నా చేతిలో పెన్ను ఉంది. వాల్ట్ గారు అన్నది అన్నట్టు మినిట్స్‌లో రాశాను. ఆయన రాజీనామా ఇస్తే బోర్డు ఒప్పుకుందనీ రాశాను. ముప్పై ఏళ్ళుగా చీఫ్‌గా ఉన్న మనిషిని ఆరు నిమిషాల్లో ఇంటికి పంపించారు.

బయట ఆయన పికప్ బండి దగ్గర పట్టుకుని అడిగాను.

"ఎందుకలా అబద్ధం చెప్పారు?"

"నేను పోతే ఇంకో చీఫ్ వస్తాడు. నువ్వు పోతే పగలు స్టేషన్‌కి తాళమే. ఇంకో ఇల్లు అంటుకుంటే ఎవరు వెళ్తారు?"

"లోపలికి వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"చెప్పి ఏం చేస్తావు? లోయిస్ వస్తుందా? ఇంటికెళ్ళి పడుకో."

వెళ్ళాను. ఆయన చెప్పిన కారణమే సబబని, స్టేషన్ కోసమే నోరు మూసుకున్నానని ఆ రాత్రంతా నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజానికి నాకు భయం వేసింది. అంతకు మించి ఏమీ లేదు.

మంగళవారం జేన్ దగ్గరికి పులావు చేసి తీసుకెళ్ళాను. నన్ను కావిలించుకుని ఏడ్చింది.

"తన శవపెట్టె ముందు వైపు వాల్టే మోయాలని అమ్మ ఎప్పుడూ అనేది. ఇప్పుడు ఆయన మొహం చూడలేను. నువ్వు ఆయనతో పనిచేస్తావు కదా. రావద్దని కాస్త చెప్తావా?"

నోరు తెరవాల్సిన చోటు అదే. తెరిచాను.

"సరే, చెప్తాను," అన్నాను.

వాల్ట్ గారు వరండాలో బూట్ల బురద గీక్కుంటున్నారు. జేన్ మాట చెప్తే, రెండో బూటు కూడా గీకి పక్కన పెట్టారు.

"మరి ముందు వైపు ఎవరు పడుతున్నారు?" అని మాత్రం అడిగారు.

బుధవారం లోయిస్ గారిని సమాధి చెయ్యడానికి తీసుకెళ్ళారు. వాల్ట్ గారు సమాధుల దొడ్డికి బయట, రోడ్డుకి అవతల, టోపీ చేత్తో పట్టుకుని చలిగాలిలో నిలబడ్డారు. జేన్ నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా నా చెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది. ఆ చెయ్యి విడిపించుకునే ధైర్యం కూడా నాకు లేకపోయింది.