నీళ్ళలో పెట్టకూడనిది

నానిన సోయా గింజల్ని అరచేతుల మధ్య రుద్దుతూ ఉంటే పొట్టు ఊడి పైకి తేలుతుంది. దాన్ని వంచేసి మళ్ళీ రుద్దాలి. ఈ వారం ఆమె ఆ పని ఇంకాస్త శ్రద్ధగా చేసింది. దగ్గర్లోని ఆఫీసు క్యాంటీన్ వంటావిడ శుక్రవారం పొద్దున వచ్చి, ఈ గింజల్ని పులియబెట్టి చేసే టెంపే రుచి చూస్తానంది. నచ్చితే వారం వారం తీసుకుంటానంది.

ఇంటి ముందుగదే దుకాణం. బోర్డు మీద ఒక్కటే మాట, టోఫూ. అదీ ఆమె చేసేదే. గింజలు రుబ్బి, పాలు తీసి, కాచి, విరిచి, బట్టలో కట్టి బరువు పెడితే పూట తిరిగేసరికి తయారు. నీళ్ళలో వేసి ఉంచితే నాలుగు రోజులు నిలుస్తుంది. ఏ కూరలో వేస్తే ఆ కూర రుచికి తల వంచుతుంది. టెంపే అలా కాదు, గింజ గింజలాగే ఉండాలి. ఉడికించి, తడి లేకుండా ఆరబెట్టి, పులియబెట్టే పొడి కలిపి, చిల్లులున్న సంచుల్లో పరిచి, వెచ్చటి చోట పెట్టి కనిపెట్టుకుని ఉండాలి. మర్నాటికి తెల్లటి నూగు పుట్టి గింజల్ని ఒకదానితో ఒకటి అల్లేస్తుంది. అప్పుడు దాన్ని ముట్టుకుంటే జ్వరం తగిలిన పిల్ల నుదురులా వెచ్చగా ఉంటుంది.

"బూజు పట్టించడం కూడా ఒక పనేనా తల్లీ," అనేది అత్తగారు. బోర్డు మీద ఇంకో పేరు రాయించమని అడిగినప్పుడల్లా భర్తది ఒకటే జవాబు. రెండూ సోయానే కదా, జనాన్ని కంగారు పెట్టడం దేనికి, టోఫూ అంటే పోలా అని. వచ్చినవాళ్ళకు టెంపే ముక్క చూపించి గట్టి టోఫూ అని చెప్పేవాడు. పెళ్ళయిన కొత్తలో అత్తగారు పక్కింటావిడతో అన్న మాట ఆమెకు ఇప్పటికీ గుర్తే. "మా కోడలు బంగారం. ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది." ఆ రోజు అది మెప్పనుకుని మురిసిపోయింది కూడా.

గురువారం సాయంత్రానికి టెంపే చక్కగా కుదిరింది. ఫ్రిజ్‌లో పెట్టి, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా నిద్రపోయింది. తెల్లారి ఫ్రిజ్ తలుపు తీస్తే పెద్ద గిన్నె నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో తన టెంపే. తెల్లటి అల్లిక జిగురుగా మారింది. అంచుల్లో గింజలు విడిపోయి తేలుతున్నాయి.

"పొడిగా వదిలేశావు. ఎండిపోతుందని నేనే నీళ్ళలో వేశాను," అన్నాడు భర్త వెనక నుంచి. "పన్లన్నీ నీకొక్కదానికే తెలుసనుకోకు."

ఆ గొంతులో నిజంగానే మంచి పని చేసిన సంతోషం ఉంది. ఇన్నేళ్ళలో వంటింట్లో అతను అడక్కుండా చేసిన మొదటి సాయం అది. చెడగొట్టాలని చేయలేదు. ఆమెకు అదే ఎక్కువ నొప్పిగా తోచింది. చెడగొట్టాలనుకున్నవాడికైనా అదేమిటో తెలిసి ఉండాలి. ఇన్నేళ్ళూ తిన్నాడు, అమ్మాడు, ఒక్కసారి కూడా దాని వంక చూడలేదు. దాని వంకేనా?

వంటావిడ అన్నమాట ప్రకారం వచ్చింది. భర్త అప్పటికే టోఫూ పొట్లం కట్టి ఉంచాడు.

"ఇది తీసుకెళ్ళండమ్మా. రెండూ ఒకటే."

వంటావిడ ఆమె మొహంలోకి చూసింది. మామూలుగా అయితే ఇలాంటప్పుడు ఆమె కళ్ళు నేల మీదికి పోతాయి. ఈసారి పోలేదు.

"ఒకటి కాదక్కా. మీకోసం చేసింది పాడైపోయింది. మళ్ళీ చేయాలంటే మూడు రోజులు పడుతుంది. మీ వంటింట్లో వెచ్చటి మూల ఒకటి ఇస్తే అక్కడికే వచ్చి చేస్తాను."

వంటావిడ, క్యాంటీన్‌లో పొయ్యిల వెనక చిన్న గది ఖాళీగానే ఉందనీ, ఇవాళే వచ్చి చూసుకోమనీ అంది.

"మరి ఇక్కడ టోఫూ?" అన్నాడు భర్త.

ఆమె పులియబెట్టే పొడి సీసా చేతిసంచిలో పెట్టుకుంది. టోఫూ కోసం నానుతున్న గింజల గిన్నెను అతని ముందుకు జరిపింది.

"రెండూ ఒకటే అన్నారుగా. ఒకటి మీరు చేయండి."