డోలు మీది చెయ్యి

క్లబ్బు హాలులో కొడుకు కోసం పట్టి ఉంచిన కుర్చీలో, అతనితో పనిచేసే పెద్దన్న వచ్చి కూర్చోగానే శ్రీకంఠయ్య తలుపు వైపు చూశాడు. కొడుకు కేశవమూర్తి గనిలో ఎలక్ట్రీషియను. క్వార్టర్సు నుంచి నేరుగా క్లబ్బుకు వస్తానన్నాడు.

"మీవోడు రాడప్పా," అన్నాడు పెద్దన్న, ఇబ్బందిగా నవ్వుతూ. "నేను పెండ్లి బ్యాండులో క్లారినెట్ ఊదేవాణ్ణి గదా, ఈ కచేరీ చూడల్లని ఆశపడినాను. నా షిఫ్టుకు తాను దిగినాడు. పాసు నాకిచ్చినాడు. రేపు వాని షిఫ్టుకు నేను పోతాను."

"వాడెప్పుడూ ఇంతే. ఎవురేమడిగినా ఇచ్చేస్తాడు," అంది పక్కనున్న భార్య గిరిజమ్మ.

గనులు ప్రభుత్వపరమై చాలా ఏళ్లయినా క్లబ్బులో దొరల కాలపు ముచ్చట్లు పూర్తిగా పోలేదు. పేరుమోసిన వాద్యబృంద నిర్దేశకుడొకాయన నడిపిన సింఫనీ కచేరీని సినిమాగా చిత్రించిన రీళ్లను ఏదో విదేశీ కార్యాలయం అరువిచ్చింది. తెర మీద నెరిసిన జుట్టు ముసలాయన సన్నని పుల్ల ఊపుతుంటే వందమంది వాయిస్తున్నారు.

"ఒక్కరన్నా ఆయప్ప మొగం చూడరే," అంది గిరిజమ్మ. "మన ఇంట్లో మీ మాదిరే ఉండాడు పాపం."

పెద్దన్న కిసుక్కున నవ్వాడు. అంతలో వెనక వరుసలో, రాగి గంగాళాల్లాంటి డోళ్ల మీద ఒకడు కర్రలాడించాడు. ఆ దడదడకు హాలులో సగంమంది కుర్చీల్లోంచి లేచారు.

అది ఆ ఊరి అలవాటు. లోతున రాయి పగిలితే పైన నేల దడదడలాడుతుంది, ఇళ్లలో గిన్నెలు మోగుతాయి. అప్పుడెవరూ మాట్లాడరు. వాకిట్లోకి వచ్చి, గనిలోకి మనుషుల్ని దించి ఎక్కించే షాఫ్టు మీది చక్రం తిరుగుతోందా లేదా అని చూస్తారు. తిరుగుతుంటే లోపలికి పోయి అన్నం తింటారు.

ఇది ఉత్త డోలేనని తెలిసి హాలంతా నవ్వుకుంటూ కూర్చుంది. రెండోసారి కొందరే ఉలిక్కిపడ్డారు. ఆ తర్వాత డోలు మోగినప్పుడల్లా నవ్వడమే వేడుకైంది.

రెండో సింఫనీలో నెమ్మదైన ఘట్టం వచ్చింది. ముసలాయన కళ్లు మూసుకుని చేతులు దించాడు. వయొలిన్లు ఆగిపోయాయి. డోళ్లవాడు ఇంకా మోగుతున్న తోలును అణచడానికి దానిమీద అరచెయ్యి పరిచాడు.

సరిగ్గా అప్పుడు దభీమంది.

హాలు నవ్వింది. శ్రీకంఠయ్య నవ్వలేదు. ఆ చప్పుడు ఆయనకు చెవుల్లో కంటే ముందు అరికాళ్లలో తెలిసింది. తెర మీది బొమ్మ ఒక్కసారి ఎగిరిపడింది. ప్రొజెక్టరు వెలుగులో పైకప్పు దుమ్ము సన్నగా రాలుతోంది.

"డోలే అప్పా," అన్నాడు పెద్దన్న. అడగని ప్రశ్నకు జవాబది. చెప్పేటప్పుడు ఆయన వైపు చూడలేదు.

శ్రీకంఠయ్య తన బట్టలంగడికి దిష్టి గుమ్మడికాయ సైతం కట్టనివాడు. కారణం తెలియని భయానికి లొంగకూడదని పదిమందికీ చెప్పేవాడు. ఇప్పుడు ఆయనే ఆత్రంగా ఒక కారణం వెతుక్కున్నాడు. పాత రీళ్లలో బొమ్మ ముందూ శబ్దం వెనకా నడవడం కద్దు. కర్ర తాకిన దెబ్బే ఆలస్యంగా వినిపించి ఉండవచ్చు. అలా అయితే తర్వాతి దెబ్బకూ ఆలస్యం కావాలి. డోళ్లవాడి చేతులనే చూశాడు.

కర్ర లేచింది. పడింది. పడిన క్షణానే మోగింది.

వెతికిన కారణం కాస్తా చేజారిపోయింది. ఆయన లేచాడు.

"యాడికి?" అంది గిరిజమ్మ.

"నీళ్లు తాగొస్తాను."

బయట వీధి పొడుగునా జనం వాకిళ్లలో నిలబడి ఉన్నారు. ఒక్కరూ మాట్లాడడం లేదు. ఎదుటి షాఫ్టు మీద, దీపం వెలుగులో, చక్రం కదలకుండా ఉంది.

కాసేపటికి గిరిజమ్మ వచ్చి పక్కన నిలుచుంది. చక్రాన్ని చూసింది. వెనకే వచ్చిన పెద్దన్న మెట్ల మీద కూలబడి, "నా షిఫ్టు," అన్నాడు. "నా షిఫ్టమ్మా అది."

గిరిజమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. హాలులోంచి బాకాలు ఉధృతంగా మోగుతున్నాయి. వాటిని ఆపమని చెప్పాలన్న తలపు ఎవరికీ రాలేదు.

చాలాసేపటికి చక్రం తిరిగింది. గేటు దగ్గరికి పరుగెత్తారు. లిఫ్టు పంజరంలోంచి ఒక్కొక్కరే దిగుతున్నారు, అందరి ముఖాలూ బూడిద రంగే. అందరికంటే చివర దిగినవాడు గేటు ఊచల దగ్గరికి వచ్చి "నాయనా" అనేదాకా అది తన కొడుకని శ్రీకంఠయ్య పోల్చుకోలేదు.

గిరిజమ్మ ఊచల సందుల్లోంచి వాడి చెయ్యి పట్టుకుంది.

"నాకేం కాలేదమ్మా. ఇద్దరు ఇంగా లోపలే ఉండారు, మాట వినబడతా ఉండాది. గాలి పంకాకు కరెంటు పోయినాది. వైరు చుట్ట కోసం వచ్చినాను."

"నేను పోతాను," అన్నాడు పెద్దన్న.

"తీగ తెగింది యాడో చూసింది నేను గదన్నా. నీకు చెప్తా కూర్చుంటే పొద్దుపోతాది."

తల్లి చెయ్యి మెల్లగా విడిపించుకున్నాడు. ఆపడానికి శ్రీకంఠయ్య నోరు తెరిచాడు. ఒక్క కారణమూ దొరకలేదు. కేశవమూర్తి వైరు చుట్ట భుజాన వేసుకుని పంజరమెక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది.

హాలులోంచి చప్పట్లు వినిపించాయి. తెరలో వాళ్లవో, హాలులో వాళ్లవో.

శ్రీకంఠయ్య చెప్పులు విడిచి పక్కన పెట్టాడు. అరికాళ్లు రెండూ నేలకు ఆనించి, కదలకుండా నిలబడ్డాడు.