ముందు వంతెన

"మా ఎర్రగండిపేట పంచాయతీ తరఫున ఈ రోడ్డుకి పూర్తిగా ఒప్పుకుంటన్నాం. వంతెన సంగతి రెండో విడతలో చూసుకోవచ్చు," అని ధనరాజ్ మైకులో చెప్పాడు.

కోటబొమ్మాళి కల్యాణమండపంలో వెనక వరసలో ఊరి ఆడవాళ్ళతో కూర్చున్న కుసుమకుమారికి, మొగుడి మాట తను సరిగ్గా వినలేదేమో అనిపించింది. పక్కనున్న తవిటమ్మ మోచేత్తో పొడిచి మీ ఆయన ఏటంటన్నాడని అడిగాక గానీ ఆ మాట లోపలికి దిగలేదు. దిగాక చెవులు వేడెక్కిపోయాయి. వేదిక మీద ఇంజనీరు తల ఊపుతున్నాడు. ముందు వరసలో కాంట్రాక్టరు గిరిబాబు కాలు మీద కాలేసుకుని నిమ్మళంగా ఉన్నాడు.

ఎర్రగండిపేట భావనపాడుకి దిగువన, ఒక పక్క సముద్రం, ఒక పక్క ఉప్పుటేరు ఉన్న జాలరిపేట. బయట ప్రపంచంలోకి రావాలంటే ఏరు దాటాలి. దాటడానికి ఉన్నది పాతకాలపు కాజువే, ఏటికి అడ్డంగా పోసిన సిమెంటు దారి. పోటు వచ్చిందంటే దాని మీద మోకాలిలోతు నీళ్ళు, వానలు పడితే అది ఎక్కడుందో కూడా తెలీదు. ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తికెత్తుకుని, చీరలు పైకి దోపుకుని, కాలితో సిమెంటు తడుముకుంటూ ఆవలి ఒడ్డుకి చేరి, అక్కణ్ణుంచి ఆటోల్లో నౌపడ స్టేషనుకో కోటబొమ్మాళి బజారుకో పోతారు. కిందటి వానాకాలం ధనరాజ్ తల్లి అమ్మడు గంపతో సహా జారి ఏట్లో పడింది. తుంటి విరిగింది. నూటఎనిమిది బండి ఆవలి ఒడ్డునే ఆగిపోతే, ధనరాజే గుండెలోతు నీళ్ళలో తల్లిని వీపున మోసుకుని దాటించాడు. ఆపరేషను అయినా అమ్మడు మళ్ళీ నడవలేదు. గుమ్మంలో కూర్చుని ఎండు నెత్తళ్ళు ఏరుతూ ఉంటుంది.

ఎన్నేళ్ళ నుంచో అడుగుతున్న వంతెనే, ఆనాటి నుంచి ఊరికి ఒకటే మాట అయింది. జిల్లా రోడ్ల ప్రణాళిక మీద ప్రజాభిప్రాయం తీసుకుంటారని కబురు వచ్చినప్పుడు ఊరంతా సంబరపడింది. హైవే నుంచి ఏటికి ఆవలి ఒడ్డు వెంబడే సరుకుల యార్డు దాకా లారీల రోడ్డు వేస్తారట. దానికి ఆ ఒడ్డున పంచాయతీకి ఉన్న చేపలు ఎండబెట్టే దిబ్బలో కొంత కావాలట. ఇద్దాం, కానీ ముందు వంతెన కట్టాలి అని గ్రామసభలో అందరూ చేతులెత్తారు. ధనరాజ్ కూడా ఎత్తాడు.

నిజానికి సర్పంచి కుసుమకుమారి. సీటు ఆడవాళ్ళకి వచ్చిందని ధనరాజే ఆమెను నిలబెట్టాడు. గెలిచాక ప్రెసిడెంటుగారని జనం పిలిచేది అతన్నే. అతను వేలు పెట్టిన చోట ఆమె సంతకం పెట్టేది. దాని గురించి ఆమె పెద్దగా బాధపడిందీ లేదు. అతను మాటకారి, నలుగురిలో బెదరడు, మాట్లాడనీ అనుకునేది. ఈ రోజు కూడా అలాగే అనుకుని వెనక్కి వెళ్ళి కూర్చుంది. వెనక్కి అనడమేమిటి, పొద్దున్న పోటులో ఏరు దాటి తడిచీరలతో వచ్చిన తమను చూసి, హాలు మనిషి ముక్కు మీద చెయ్యి పెట్టుకుని చివరి వరస చూపించాడు.

ఆ తరవాత గంటసేపు ఒక కుర్రాడు తెర మీద రంగురంగుల గీతలు చూపించి, సగం ఇంగ్లీషులో అంతా చెప్పేసి, ఆఖర్న సలహాలేమైనా ఉన్నాయా అని అడిగాడు. దానికి ఊరు ఇచ్చిన సలహా ఇదీ, ధనరాజ్ నోట.

కుసుమకుమారి లేచింది. తడి కుచ్చిళ్ళు కాళ్ళకి చుట్టుకుంటుంటే కుర్చీల మధ్య నుంచి ముందుకు నడిచింది. ఆమెను చూసి ధనరాజ్ ఇంటి దగ్గర ఏదో అయిందనుకుని, ఏటయింది అని మెల్లగా అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

"అమ్మా, మీ ప్రెసిడెంటుగారు మాట్లాడేశారు. పంచాయతీకి ఒక్కరికే అవకాశం," అన్నాడు వేదిక మీది ఇంజనీరు.

"ప్రెసిడెంటుని నాను," అంది ఆమె.

ముందు వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు విని ఆమె గొంతు పెంచింది.

"ఈయన నా మొగుడు. ఇప్పుడు సెప్పింది ఈయన సొంతమాట. ఊరి మాట అది కాదు. ఊరు సేతులెత్తి సెప్పింది ముందు వంతెన అని. ఇంతసేపు ఆ తెర మీద మాకు అన్నీ సూపించినారు గదా బాబూ, మా ఊరెక్కడుందో ఒకసారి సూపించండి."

కుర్రాడు తెర మీద వెతికాడు. సముద్రం ఉంది, ఏరు ఉంది, ఉప్పుమడులు ఉన్నాయి, లారీలు నిలిపే యార్డు పచ్చరంగులో ఉంది. ఏటికీ సముద్రానికీ మధ్య ఏమీ లేదు. ఈ మ్యాపులో చిన్న ఊళ్ళు రావండీ అన్నాడు.

ఆమె ఇంకా చాలా చెప్పాలనుకుంది. అత్త పడిపోవడం, బడికెళ్ళే పిల్లల్ని భుజాన మోసుకుని దాటించడం, పురిటి నొప్పులతో లక్ష్మణమ్మ కూతురు ఒడ్డున కూర్చుని ఆటు కోసం ఎదురుచూడడం, అన్నీ ఒకేసారి గొంతు దాకా వచ్చి ఒకదానికొకటి అడ్డం పడ్డాయి. "లారీలు ఆగే సోటు రాసుకున్నారు, మనుషులుండే సోటు రాసుకోలేదు," అని మాత్రం అనగలిగింది. మీ అభిప్రాయం నమోదు చేసుకున్నామని ఇంజనీరు అన్నాడు. అంతలో మైకు ఆగిపోయింది. పాడయిందో, ఆపేశారో ఆమెకి తెలీదు. దాన్ని బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. ఆమె వెనకాలే ఊరి ఆడవాళ్ళందరూ లేచి వచ్చేశారు.

ఇంటికి వచ్చాక ధనరాజ్ గోడకి చెప్పులు విసిరికొట్టాడు. పదిమందిలో తన మొహం మీద కొట్టిందన్నాడు. గిరిబాబు నీకేం ఇస్తానన్నాడని ఆమె సూటిగా అడిగింది. రోడ్డు పనికి తన పేరున టిప్పర్లు పెట్టిస్తానన్నాడని అతను దాచకుండానే చెప్పాడు. కాసేపటికి గొంతు తగ్గించి అన్నాడు.

"వంతెన వంతెన అని ఆపీసుల సుట్టూ ఎన్నేళ్ళు తిరిగినాను? కుర్సీలో కూకోమన్న నాకొడుకు లేడు. పెద్దోళ్ళ పనికి ముందు ఊఁ అంటే, రేపు మన పని సేస్తారు. నాకు తెలిసిన దారి అదొక్కటే."

అది అబద్ధం కాదని ఆమెకి తెలుసు. అందుకే ఒళ్ళు మరీ మండిపోయింది. అబద్ధమైతే ఒక తిట్టు తిట్టి ఊరుకునేది.

గుమ్మంలో చేపలు ఏరుతున్న అమ్మడు తల ఎత్తకుండానే, "ఒరే, నన్ను ఏట్లోంచి మోసుకొచ్చినప్పుడు నా సెవి దగ్గిర ఏడిసినావు. నాకు గేపకం ఉన్నాది," అంది.

ధనరాజ్ చొక్కా భుజాన వేసుకుని పడవల దగ్గరికి వెళ్ళిపోయాడు.

వారం తిరక్కుండానే పంచాయతీ కార్యదర్శి శైలజ తీర్మానం రాయించుకుని వచ్చింది. దిబ్బలో భాగం రోడ్డుకి ఇచ్చేస్తున్నట్టు అందులో ఉంది. సంతకమే తరువాయి. పైనుంచి ఒకటే ఫోన్లు మేడమ్ అని పాపం ఆ పిల్ల బతిమాలింది. వంతెన మాట ఇందులో ఎక్కడుందో చూపించమంది కుసుమకుమారి. లేదు. అయితే సంతకమూ లేదని పంపించేసింది. ధనరాజ్ ఇంట్లోనే ఉన్నాడు. ఈసారి వేలు పెట్టి చోటు చూపించడానికి లేవలేదు.

తరవాత గిరిబాబు స్వయంగా, నీళ్ళు తీసిన వేళ చూసుకుని, కాలు తడవకుండా ఏరు దాటి వచ్చాడు. చెల్లెమ్మా అని పిలిచి, మంచినీళ్ళు అడిగి తాగి, ఏడాది ఆఖరికి పని మొదలవకపోతే నిధులు మురిగిపోతాయని, రోడ్డు పక్క మండలానికి పోతుందని, అప్పుడు ఊరివాళ్ళే ఆమె మీద మన్ను పోస్తారని నెమ్మదిగా చెప్పాడు. బెదిరిస్తున్నట్టు ఎక్కడా లేదు. ఆ మెత్తదనమే ఆమెకి అన్నిటికంటే అసహ్యం వేసింది.

అయితే ఆ మాట ఊళ్ళో పని చేసింది. యార్డులో డ్రైవరు పని దొరుకుతుందని ఆశపడ్డ గంగరాజు, మొండితనంతో వచ్చే రోడ్డు పోగొడుతోందని ఆమెను పట్టుకుని నలుగురిలో అన్నాడు. ముందు వంతెనేనా అని మళ్ళీ గ్రామసభ పెడితే, మొదటిసారి ఎత్తిన చేతుల్లో చాలా కిందే ఉండిపోయాయి.

కుసుమకుమారికి ఆ రోజు వచ్చినంత కోపం కల్యాణమండపంలో కూడా రాలేదు. "గంగరాజూ, ఆ యార్డుకి పన్లోకి ఎలా ఎల్తావు? ఎగిరి ఎల్తావా? నీ పెళ్ళాం రేపు ఏట్లో పడితే టిప్పరు వచ్చి ఎత్తుతాదా?" అని అడిగింది. అడిగి, ఎవరి మొహంలోకీ చూడకుండా కూర్చుంది. చేతులు ఒక్కొక్కటే లేచాయి. గంగరాజుది లేవలేదు. అయినా సగానికి పైనే లేచాయి. అది చాలు.

దిబ్బ తప్పిస్తే రోడ్డు ఉప్పుమడుల మీదుగా పోవాలి. వాటి మీద కోర్టు కేసు నడుస్తోంది, అంటే దిబ్బ లేకుండా రోడ్డు లేదు. ఆ సంగతి శైలజ ద్వారా ఆమెకి తెలిసింది. అందుకే ఎన్నిసార్లు ఫోను వచ్చినా ఒకటే జవాబు చెప్పింది. మాట్లాడాలంటే మా ఊళ్ళో మాట్లాడదాం, రండి.

చివరికి ఇంజనీరే వచ్చాడు. ఆయన వచ్చేసరికి ఏరు పోటు మీద ఉంది. నీళ్ళు తీసేదాకా ఆవలి ఒడ్డున జీపులో కూర్చుని, తరవాత ప్యాంటు మడుచుకుని దాటాడు. వలల కుప్ప మీద కూర్చుని, వంతెన ఎక్కడ కావాలని అడిగాడు. అంతే, పడవల రేవు దగ్గరని కొందరు, బడి దగ్గరని కొందరు ఒకరి మీద ఒకరు పడి అరుచుకున్నారు. తవిటమ్మ, లక్ష్మణమ్మ అయితే పాత పగలన్నీ తవ్వుకున్నారు. కుసుమకుమారి ఇద్దరినీ కసిరి కూర్చోబెట్టింది. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఊరిని అడిగిన మొదటి మనిషి ఆయనే. అది ఆయనకీ తెలిసినట్టుంది, అరుపులు అయ్యేదాకా ఓపిగ్గా ఉన్నాడు.

రోడ్డు పొడవు కొంత తగ్గించి, ఆ డబ్బుతో అదే పనిలో బడి దగ్గర వంతెన కట్టేట్టు అంచనా మార్చారు. మార్చిన కాగితం వచ్చి, శైలజ చదివి వినిపించాక గానీ కుసుమకుమారి తీర్మానం మీద సంతకం పెట్టలేదు. టిప్పర్ల పని గిరిబాబు పక్కూరి వాళ్ళకి ఇచ్చుకున్నాడు.

శంకుస్థాపన రోజు ఒడ్డున షామియానా వేశారు. ప్రజల అభిప్రాయం అడిగి తెలుసుకుని కడుతున్న వంతెన ఇదని వేదిక మీద ఒక పెద్దమనిషి చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కుసుమకుమారిని పైకి పిలిచి శాలువా కప్పబోయారు. ఆమె చేత్తో ఆపింది.

"మీరు అడగలేదు బాబూ. సంతకం పెట్టకుండా ఆపితే వచ్చినారు," అంది. శాలువా తీసుకోకుండానే దిగిపోయింది.

ఇప్పుడు ఏట్లో రెండు స్తంభాలు లేచాయి. పని నత్తనడకన సాగుతోంది. ఈ వానాకాలం కూడా ఆడవాళ్ళు నీళ్ళలోనే దాటుతున్నారు. తవిటమ్మ దాటినప్పుడల్లా ఆ స్తంభాలని చూసి నోరారా తిడుతోంది. కుసుమకుమారి పని దగ్గరికి వెళ్ళి మేస్త్రీని నిలదీసి వస్తోంది. పంచాయతీ పనులకి ఇప్పుడు ఆమె ఒక్కతే వెళ్తుంది. ధనరాజ్ మళ్ళీ చేపల వేటకి పోతున్నాడు.

మొన్న వేట నుంచి వచ్చి, ఆమె అన్నం వడ్డిస్తుంటే కంచం వైపు చూస్తూ, "ఇంకా నా మీద కోపమేనా?" అని అడిగాడు.

"ఉన్నాది మావా," అంది ఆమె. "గిరిబాబు మీద ఉన్నదాని కంటే నీ మీదే ఎక్కువ ఉన్నాది. ఆ ఏట్లో నువ్వు దిగినావు, అతను దిగలేదు."

అతను కంచం ఆమె వైపు జరిపాడు. ఆమె పులుసు వేసి, అత్తకి కంచం పట్టుకుని గుమ్మంలోకి వెళ్ళింది.