వెనక ఉండాల్సిన కుచ్చిళ్ళు

తమ్ముడి సంచి నేనే సర్దాను. అడుగున రెండు బనీన్లు, తువ్వాలు, గొంతు కోసం మిరియాల పొట్లం. అన్నిటి పైన కిల్ట్. మగవాళ్ళు నడుముకు లంగాలా చుట్టుకునే ఎర్ర గళ్ళ ఉన్ని గుడ్డ అది. నలగకూడదని పాత పేపరు చుట్టాను. ఎవరు గడప దాటినా నాకు బెంగ. ఆ రోజు మరీ ఎక్కువ.

తమ్ముడు తిమ్మయ్య నారాయణగూడలో జగన్నాథరావు పెళ్ళి బ్యాండులో చంకలో గాలిసంచి నొక్కుతూ బ్యాగ్‌పైపు ఊదేవాడు. పటాలంలో నేర్చుకున్న వాయిద్యం, అక్కడి వేషం. బ్యాండులో కిల్ట్ కట్టేది వాడొక్కడే. అది కూడా షాపులోనే కట్టుకునేవాడు. కట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

అశోక్‌నగర్ పెళ్ళిలో కాలేజీ పిల్లలు "లంగా మామా, ఓణీ ఏది?" అన్నారు. అప్పటి నుంచి జగన్నాథరావుకు పరేషాన్.

"టీవీల చూస్తలేవా తిమ్మన్నా? అందరు తళుకుల పాంట్లు ఏస్తున్నరు. నిజామాబాద్ పెళ్ళి ఒక్కటి చూస్త. ఆడ గూడ నవ్విన్రంటే పాంటన్న ఎయ్యాలె, బ్యాండన్న ఇడిసిపెట్టాలె."

ఆ పెళ్ళి కోసం కిల్ట్ ఉతికాను. కుచ్చిళ్ళ కుట్లు పిగిలిపోయాయి. సుల్తాన్ బజార్ నుంచి ఎర్ర దారం తెచ్చి, చిక్కడపల్లిలో మా కిరాయి గదిలో రెండు రోజులు కూర్చుని, అన్నీ విప్పి మళ్ళీ కుట్టాను.

"ఒకసారి కట్టి చూసుకోరా."

"నువ్వు కుట్టినంక చూసుడేందక్కా!" అని నవ్వి బస్సుకు పరుగెత్తాడు.

మూడో రోజు బ్యాండులో డోలు వాయించే విఠల్ ఒక్కడే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"యశోదక్కా, కిల్ట్‌కు కుచ్చులు ఎన్క ఉంటయి. నువ్వు ముంగట వెట్టినవు."

యాభై ఏళ్ళుగా చీర కట్టిన చేతులు. కుచ్చిళ్ళు అంటే ముందే అనుకున్నాయి.

"వాడేమన్నడు?"

"నిన్నేమనలే. తిప్పి కడితే గుడ్డ అంచులు కలిసే చీలిక ఎన్కకొస్తది. గందుకని కుచ్చులు ముంగటనే ఉంచుకొని బరాత్‌ల నిలవడ్డడు. ఆడోళ్ళు 'చీరె మంచిగ గట్టినవ్ గని కొంగు మర్సినవన్నా' అని ఒకటే నవ్వుడు. జగన్నాథరావు సేటు పాంటు చేతిలవెట్టిండు. తిమ్మన్న ముట్టలే. వచ్చేటప్పుడు బస్సు కామారెడ్డిల ఆగింది. 'కుచ్చుల సంగతి అక్కకు జెప్పకు' అని దిగిండు. మల్ల ఎక్కలే."

కామారెడ్డి బస్టాండుకు నాలుగుసార్లు పోయాను, ఫోటో పట్టుకుని. ఎవరూ చూడలేదన్నారు.

నా తమ్ముడు తిమ్మయ్య 1996 మే తొమ్మిదిన ఇల్లు విడిచాడు. తిరిగి రాలేదు.