మూడంగుళాలు తగ్గిన సిపాయి

భార్య పోయిన ఈ మూడు నెలల్లో మాస్టారు ఒకచోట పది నిమిషాలు కుదురుగా కూర్చున్నది లేదు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగేవారు. వంటింట్లోకి వెళ్ళి, ఎందుకు వెళ్ళారో మరిచిపోయి, గ్లాసుల వరస సరిచేసి వచ్చేవారు. టీ నిలబడే తాగేవారు. పొద్దున్నే చెప్పులేసుకుని బడి దాకా నడిచి, గంట కొట్టాక, తను రిటైరై పద్నాలుగేళ్ళయిందని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగేవారు.

ఆయన్ని రోజూ ఆఫీసు కిటికీలోంచి చూసే మునిసిపల్ గుమస్తాకి మనసాగలేదు. ఐదో తరగతి మాస్టారి దగ్గర చదివినవాడు. ఒకరోజు రోడ్డు మీదే ఆపి ఒక కట్ట చేతిలో పెట్టాడు.

"పార్కు ముందు రాయి పెడుతున్నాం కదా మాస్టారూ, పాత యుద్ధంలో పోయిన మన ఊరి సిపాయిల పేర్లతో. సైన్యం రికార్డు ఆఫీసు నుంచి సర్వీసు కాగితాల నకళ్ళు వచ్చాయి. పద్నాలుగు ఫైళ్ళు. తిరిగి రానివాళ్ళు ఎనిమిది మంది. మీరొకసారి చదివి, తప్పులుంటే ఎర్రసిరాతో దిద్దండి. శుక్రవారం మేస్త్రీ ఉలి పడతాడు."

"పద్నాలుగేమిటి? ఈ ఊరి నుంచి వెళ్ళింది పదిహేను మంది."

"పదిహేనో ఆయన ఎవరు?"

"మా ఆవిడ అన్న."

గుమస్తా చూపు తిప్పుకున్నాడు. "ఆయన గురించి మా తాత ఏదో అంటుండేవాడు లెండి," అన్నాడు మెల్లగా.

ఏమంటుండేవాడో మాస్టారికి తెలుసు. ఊరంతా అదే అన్నది.

ఆవిడ పుట్టింట్లో తాత పేరు మనవడికి పెట్టడం ఆనవాయితీ. ఆవిడ నాన్నా, పెదనాన్నా మేం ముందంటే మేం ముందని తమ పెద్ద కొడుకులకు అదే పేరు పెట్టుకున్నారు. ఎవరూ తగ్గలేదు. దాంతో ఒకే ఇంట్లో ఒకే పేరుతో ఇద్దరు పిల్లలు తయారయ్యారు. పిలిస్తే ఇద్దరూ పలుకుతారు, పని చెబితే ఇద్దరూ పలకరు. చివరికి వాళ్ళ నాయనమ్మే పెదనాన్న కొడుకుని పెద్దోడనీ, ఆవిడ సొంత అన్నని చిన్నోడనీ పిలవడం మొదలుపెట్టింది.

యుద్ధం వచ్చినప్పుడు ఇద్దరూ ఒకే వారంలో సైన్యంలో చేరారు. పెద్దోడు కాలికి గాయమై తిరిగొచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నాడు. చిన్నోడు రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. యుద్ధంలో పోయినవాళ్ళ ఇళ్ళకు ఎక్కడో ఒకచోట నుంచి కాగితం వచ్చింది. ఆ ఇంటికి మాత్రం ఏమీ రాలేదు. కాగితం రాలేదంటే పారిపోయి ఉంటాడని ఊరు తేల్చేసింది. పదకొండేళ్ళ చెల్లెలికి బడిలో 'పారిపోయినోడి చెల్లెలు' అని పేరు పడింది. పెళ్ళయ్యాక ఆ పేరు ఊరు మరిచిపోయింది గాని ఆవిడ మరవలేదు.

ఆస్పత్రిలో చివరి వారం ఆవిడ అడిగింది. "రాయి పెడతారట కదా. దాని మీద అన్నయ్య పేరుంటుందా?"

"ఉంటుంది," అన్నారు మాస్టారు.

తెలిసి చెప్పిన మాట కాదు. ఆ క్షణానికి అనాల్సిన మాట అది. ఇప్పుడు ఆ మాటే కాలికింద నిప్పులా ఆయన్ని ఒకచోట నిలవనివ్వడం లేదు.

ఫైళ్ళను గదిలో అటూ ఇటూ నడుస్తూనే చదివారు. మొదట కంటికి తగిలింది పుట్టినరోజు. పద్నాలుగు మందిదీ ఒకటే తేదీ, బడి తెరిచే రోజు. మాస్టారికి నవ్వొచ్చింది. పిల్లాడి పుట్టినరోజు ఇంట్లోవాళ్ళకు తెలియకపోతే బడి తెరిచిన తేదీ వేసెయ్యడం అక్కడి పాత హెడ్మాస్టరు పద్ధతి. తరవాత మాస్టారు కూడా ముప్ఫయ్యేళ్ళు అదే పని చేశారు. రిజిస్టరు నమ్మితే ఊరు ఊరంతా ఒకే రోజు పుట్టింది. ఆ రోజు మంత్రసాని నడుం ఏమైపోయిందో.

పెద్దోడి ఫైలు దగ్గర ఆ నవ్వు ఆగిపోయింది.

చేరిన రోజు కాగితంలో ఎత్తు ఐదడుగుల ఆరంగుళాలు. గుర్తు: కుడి మణికట్టు మీద కాలిన మచ్చ. ఆరునెలల తరవాత డాక్టరు కాగితంలో ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. సైన్యంలో తిండి తిని పెరిగినవాణ్ణి చూశారు గాని, ఇలా తగ్గినవాణ్ణి ఆయన ఎక్కడా చూడలేదు. ఆ కాగితం చివర గుర్తు చదివి నిలబడిపోయారు. నడుస్తున్న మనిషి నిలబడ్డారు.

ఎడమ కనుబొమ మీద గాటు.

ఆ గాటు ఎవరు పెట్టారో మాస్టారికి తెలుసు. ఐదేళ్ళప్పుడు, బలపం లాక్కున్నాడన్న కోపంతో, ఆవిడ తన పలక అన్న మొహాన విసిరింది. నెత్తురు చూసి తనే ముందు ఏడ్చింది. చెట్టెక్కి పడ్డానని ఇంట్లో అబద్ధం చెప్పి అన్నే ఆమెను కాపాడాడు. పెళ్ళయిన ఏడాదికి ఆ సంగతి మాస్టారికి చెప్పి, ఎవరికీ చెప్పొద్దంది. "క్షమించమని అడుగుదామనుకునే లోపు వెళ్ళిపోయాడు," అంది. తరవాత కూడా పలక పట్టుకున్న పిల్లల్ని చూస్తే ఆమె మొహం మారేది.

మాస్టారు మిగతా కాగితాలు గబగబా తిప్పారు. సర్వీసు నంబర్లు రెండున్నాయి. ఒకటి కొట్టేసి, పక్కన 'డూప్లికేటు' అని ముద్ర. ఇంకో కాగితంలో, నది దాటుతుండగా మరణించాడని తేదీతో సహా రాసి ఉంది. దాని మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత. కింద ఒక్క వాక్యం: 'పొరపాటు. మనిషి ఆస్పత్రిలో సజీవంగా ఉన్నాడు.'

ఒకే పేరు, ఒకే ఇల్లు. ఇద్దర్నీ బడిలో వేసింది తాతే కాబట్టి పెద్దదిక్కుగా రాసిందీ ఒకే మనిషిని. వీటన్నిటికీ తోడు ఒకే పుట్టినరోజు. రికార్డు ఆఫీసులో కూర్చున్నవాడు ఇద్దరు మనుషులని ఎలా అనుకుంటాడు? ఇద్దరి కాగితాలూ ఒకే ఫైల్లో కుట్టేశాడు. ఆ కుట్టిన దారంలో ఒక పోగు బడిది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీయకముందే మాస్టారు మెట్ల మీద ఉన్నారు. గుమస్తా అంతా విన్నాడు, తల గోక్కున్నాడు.

"మీరు చెప్పేది నమ్ముతాను మాస్టారూ. కానీ కొట్టేసిన కాగితం కాగితం కాదు. కొలవడంలో తప్పు, రాయడంలో తప్పు అంటారు పైవాళ్ళు. ఆ ఫైలు మనిషి బతికే ఉన్నాడు కదా. ఇందులో సగం నాది కాదని ఆయనే సంతకం పెట్టాలి."

"అయితే పద."

"ఇప్పుడా? ఇంకా టీ..."

"అక్కడ పోస్తారు."

సైకిల్ షాపు ముందు పెద్దోడు స్టూలు మీద కూర్చుని ఒక చక్రాన్ని ఊరికే తిప్పుతున్నాడు. ఎనభై నిండాయి. పనంతా ఇప్పుడు కొడుకుదే.

"రండి బావా," అన్నాడు పెద్దోడు. "గుమస్తాని కూడా వెంటేసుకొచ్చారు, నా మీదేమన్నా ఫిర్యాదా?"

"ఒకసారి లేచి ఆ తలుపుకి ఆనుకుని నిలబడు బావా. నీ ఎత్తు చూడాలి."

"ఈ వయసులో మళ్ళీ బళ్ళో వేస్తారా ఏం?" అంటూనే లేచి నిలబడ్డాడు. మాస్టారు స్కేలు తలమీద అడ్డంగా పెట్టి, తలుపు చెక్క మీద పెన్సిలుతో గీత గీశారు. వేల మంది పిల్లలకు గీసిన గీతే. గుమస్తా టేపు పెట్టి చూసి పళ్ళు బయటపెట్టాడు.

"ఐదడుగుల మూడు. చూశారా మాస్టారూ, మనిషన్నాక తగ్గుతాడు."

"అరవయ్యేళ్ళలో తగ్గుతాడు. ఆరునెలల్లో కాదు," అన్నారు మాస్టారు. కానీ తను గట్టిదనుకున్న సాక్ష్యం తలుపు చెక్క మీదే తేలిపోయింది.

పెద్దోడు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏ ఆరునెలలు?"

మాస్టారు ఫైలు తెరిచి కాగితాలు ఒక్కొక్కటే ముందు పెట్టారు. ఎర్రగీత ఉన్న కాగితం దగ్గర చక్రం మీద చెయ్యి ఆగింది. కుడి మణికట్టు మీద కాలిన మచ్చ ముడతల మధ్య ఇంకా స్పష్టంగా ఉంది. ఎడమ కనుబొమ తెల్లబడింది గాని, ఎక్కడా గాటు లేదు.

కొడుకు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి మామయ్యా ఇదంతా?"

చెప్పారు. విన్నంతసేపూ అతని మొహం మారుతూ వచ్చింది. "చిన్నాన్న పేరన్నా నాన్న పేరన్నా ఒకటే కదా. అత్తయ్య కోసం మీరు పడే తాపత్రయం నాకూ తెలుసు. కానీ బతికున్న మనిషి పేరు పోయినవాళ్ళ రాయి మీద ఎక్కిస్తే నలుగురూ ఏమంటారు? రేపు పొద్దున షాపుకొచ్చే ప్రతివాడూ, మీ నాన్న ఎప్పుడు పోయాడని అడుగుతాడు."

"నలుగురి సంగతి తరవాత," అన్నాడు పెద్దోడు. "నువ్వు లోపలికెళ్ళి టీ పెట్టించు."

కొడుకు వెళ్ళేదాకా ఆగి, చక్రం వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఆస్పత్రిలో ఒకాయన కాగితాలు పట్టుకుని నా మంచం దగ్గరికొచ్చాడు. 'నువ్వు చచ్చిపోయావని రాసుంది, నిజమేనా' అన్నాడు. నేను నవ్వాను బావా. వార్డు వార్డంతా నవ్వింది. ఇంకా చావలేదు సార్ అన్నాను. ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టాను. ఒళ్ళు కాలిపోతోంది, కాలు తీసేస్తారని భయం. ఆ పోయింది వాడేనని తట్టలేదు."

"ఎప్పుడు తట్టింది?"

"ఇంటికొచ్చాక. అందరి కబుర్లూ వచ్చి, వాడిదొక్కటీ రానప్పుడు. అప్పుడు చెబుదామంటే, పిన్ని రోజూ గుమ్మంలోనే కూర్చునేది. కబురు రాలేదంటే బతికున్నట్టే కదా అని నన్నే అడిగేది. అవును పిన్నీ అనేవాణ్ణి. ఒకసారి అన్నాక ఇంక నోరు పెగల్లేదు. ఊరు పారిపోయాడంటున్నా పలకలేదు."

మాస్టారు లేచి తలుపు దాకా వెళ్ళారు. పెన్సిలు గీతని వేలితో తుడిచారు. అది పోలేదు.

"మూడు నెలల ముందు చెప్పినా సరిపోయేది బావా," అన్నారు అటు తిరిగే.

"ఆస్పత్రికొచ్చిన రోజు చెబుదామనే వచ్చాను. అది నిద్రపోతోంది. లేపబుద్ధి కాలేదు."

ఏదన్నా అంటే అనకూడనిదే వస్తుందని మాస్టారికి తెలుసు. గుమస్తా తల వంచుకుని వాంగ్మూలం రాసి, కలం మూత తీస్తూ పెడుతూ ఉండిపోయాడు. చివరికి పెద్దోడే చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వు బాబూ. అప్పుడు నవ్వుతూ సంతకం పెట్టాను. ఇప్పుడు చదివి పెడతాను."

కళ్ళజోడు పెట్టుకుని, వాంగ్మూలం పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాడు. ఎడమ కనుబొమ గాటు తనది కాదనీ, ఆ మరణం తన తమ్ముడిదనీ ఉన్నచోట సంతకం పెట్టాడు. టీ తెచ్చిన కొడుకు అది చూసి నోరెత్తబోయాడు.

"రాయి మీద పేరు చూసి ఎవడన్నా అడిగితే నా దగ్గరికి పంపు," అన్నాడు తండ్రి. "అది నా పేరే, మనిషి నేను కాదని నేనే చెబుతా. ఎప్పుడో చెప్పాల్సింది. ఇప్పుడు రోజూ చెబుతా."

ఆఫీసుకొచ్చాక వాంగ్మూలం ఫారంలో ఇంకో గడి మిగిలింది. గుర్తును ధ్రువీకరించినవారు. మాస్టారు కలం తీసుకుని, తన పేరు కాకుండా భార్య పేరు రాశారు. సంబంధం అన్నచోట 'చెల్లెలు' అని రాశారు. గుమస్తా ఫారం తన వైపు తిప్పుకుని చదివాడు.

"మాస్టారూ, ఆవిడ..."

"గాటు సంగతి ఆవిడకే తెలుసు. నాకు తెలిసింది ఆవిడ చెబితేనే."

గుమస్తా రూల్సు పుస్తకం తీశాడు, పేజీలు తిప్పాడు, మూసేశాడు. "పోయినవాళ్ళు సంతకం పెట్టకూడదని ఉంది గాని, చెప్పకూడదని ఎక్కడా లేదు," అన్నాడు. "కింద, 'ఆమె చెప్పగా విన్నవారు' అని రాసి మీరు సంతకం పెట్టండి. పైవాళ్ళు అడిగితే నేను చూసుకుంటాను." ముద్ర కొట్టాడు. సరిగా పడలేదని ఇంకోసారి కొట్టాడు.

శుక్రవారం పొద్దున మాస్టారు వెళ్ళేసరికి మేస్త్రీ రాయి మీద పేర్లన్నీ సుద్దతో రాసుకుని, తొమ్మిదో పేరు దగ్గర ఆగి ఉన్నాడు.

"ఎనిమిదయితే నాలుగూ నాలుగూ చక్కగా కుదిరింది సార్. ఈ తొమ్మిదోది ఎక్కడ పెట్టినా ఒంటరిగా మిగిలిపోతోంది."

"మిగలనీ. ఎలాగూ ఆలస్యంగా వచ్చినవాడే. కింద మధ్యలో పెట్టు."

మేస్త్రీ రాశాడు. మాస్టారు వంగి ఒక్కో అక్షరం చూశారు. ఒక దీర్ఘం పొట్టిగా ఉంటే బొటనవేలితో తుడిచి, సుద్ద తీసుకుని తనే దిద్దారు. నల్లటి రాయి, తెల్లటి సుద్ద. పలక, బలపం రంగులే. పొరపాటున ఉలి పడుతుందేమోనన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"కూర్చోండి సార్, నిలబడే ఉన్నారు," అని మేస్త్రీ ఒక రాతి దిమ్మ చూపించాడు.

కూర్చున్నారు. మొదటి ఉలిదెబ్బ పడింది. పై పేరు నుంచి మొదలుపెట్టాడు మేస్త్రీ.

"అది కాదు. ముందు కిందిది చెక్కు," అన్నారు మాస్టారు.

"వరస తప్పుతుంది సార్."

"తప్పనీ."

మేస్త్రీ ఒకసారి ఆయన మొహం చూసి, మోకాళ్ళ మీద కిందికి జరిగాడు. చివరి పేరు మొదటి అక్షరం తెగి, పొడి రాలింది. ఎవరో టీ తెచ్చారు. మాస్టారు లేచి నిలబడి తాగారు.