మూడో ఎర్రకార్డు

ఇలా దగ్గరికి జరగండమ్మా, నా గొంతు అంత దూరం రాదు.

కెఫ్ అనే దూరదేశపు ఊళ్లో ఏటా వేసవిలో ఆడవాళ్లంతా ఒకరి ముంగిట చేరి ఏడాదికి సరిపడా కుస్కుస్, అంటే ఆవిరి మీద ఉడికించుకునే గోధుమరవ్వ పూసలు, చేసుకుంటారు. ఆ ఏడు వసీలా అనే పెద్దావిడ ఇంట్లో చేరారు. చేతులు తడిరవ్వను నలుపుతున్నాయి గానీ నోళ్లన్నీ ముందురోజు చూసిన సినిమా మీదే. నడక పందెం మీద తీసిన నవ్వుల సినిమా అది. అందులో పిల్ల అందరికంటే ముందు నడిచి, గెలుపు గీత ఇంకో పది అడుగుల్లో ఉందనగా మూడో ఎర్రకార్డు తిని, రోడ్డు మీద చతికిలబడి పకపకా నవ్వుతుంది. అంతే, బొమ్మ అయిపోయింది. ముందున్న పిల్ల ఎందుకు ఓడిందో ఒక్కరికీ అర్థం కాలేదు.

అందరూ అడిగింది జకియాని. ఎందుకడగరు? సినిమా వాళ్లకి నడక నేర్పింది ఆమే, తెర మీద పేరు కూడా వేశారు. వసీలాకి ఒళ్లు మండిపోయింది. నలభై ఏళ్ల కిందట ఇద్దరూ ఒకే జట్టులో నడిచినవాళ్లు. సినిమాలో చూపించిన ఆ ఆఖరి పది అడుగులు నిజంగా వసీలాకి జరిగినవే. అప్పుడు పతకం జకియాకి పోయింది, ఇప్పుడు తన ఓటమి కూడా జకియాకే పోయింది. నా ముంగిట్లో కూర్చుని నా కథ చెప్పే హక్కూ దీనిదేనా అని లోపల ఉడికిపోయింది.

జకియా తీరిగ్గా చెప్పుకొచ్చింది. నడక పందెంలో ఏదో ఒక పాదం నేలను తాకుతూనే ఉండాలట. రెండూ లేచాయంటే పరుగు కింద లెక్కట. ముగ్గురు తీర్పరులు ఎర్రకార్డు రాస్తే ఇంటికేనట.

"ఆ పిల్లకి ఆత్రం పట్టింది. గీత కనబడగానే ఆగలేక లగెత్తింది" అని ముగించింది.

"ఆత్రం కాదు" అంది వసీలా.

"నీకెలా తెలుసత్తా? నువ్వు సగంలోనే గుర్రుపెట్టావుగా" అని కోడలు ఎకసెక్కమాడింది.

వసీలా కోడలి వైపు చూడలేదు. "గీత నాకు కనపడనే లేదే జకియా. వెనక నీ అడుగులు వినపడ్డాయి. నేను గెలవకపోయినా సరే, నువ్వు మాత్రం గెలవకూడదని కడుపు రగిలిపోయింది. అప్పుడు లేచాయి పాదాలు."

జకియా తలెత్తకుండానే, సినిమా వాళ్లతో కూడా ఆత్రమనే చెప్పానని, తనకి తెలిసింది అంతేనని నసిగింది.

"మరి ఇందాక వీళ్లు చెప్పిన ఆ నవ్వో? నేను ఏడ్చాను. గీత దాటి నవ్వింది నువ్వు. నీ నవ్వు తెచ్చి నా మొహానికి అతికించావు."

జకియా చెవులు ఎర్రబడ్డాయి. మొదటి నుంచీ నువ్వే చెప్పు అంది. వసీలా పొద్దువాలే దాకా చెప్పింది, ఒక్క అడుగూ వదలకుండా.

అయినా తెర మీద ఉన్నది జకియా పేరే. ఆ మంట వసీలాకి ఇప్పటికీ చల్లారలేదు. అందుకని, ఆ సినిమా చూసి చివర అర్థం కాలేదని ఎవరైనా అంటే మీరు చెప్పండి, ఆ పిల్ల ఓడింది అసూయతోనని, ఆ నవ్వు ఆమెది కాదని. వసీలా పేరు మాత్రం మరిచిపోకండి.